నేలక్రింది నిధి, నేలపైని మనిషి

నిర్మల్ నుండి దక్షిణమునకు పోవు రాచబాట సోన్ గ్రామము చెంత గోదావరిని దాటును. పసితనమున మేము పెద్దలతో గూడి ఆ వంతెనమీదుగా పోవునపుడెల్ల బండి నాపించి కొంతసేపు నీటిని చూచుచుండెడివారము. వానకాలమున నది ఎఱ్ఱని బురదతో నిండి పారుచుండెడిది. "ఈ మన్నంతయు ఎక్కడికి పోవును?" అని మేమడుగగా, "సముద్రమునకు" అని పెద్దలు చెప్పెడివారు. సముద్రమును చేరిన పిమ్మట ఆ మన్ను ఏమగునో మేమడుగలేదు, వారు చెప్పలేదు. చాల యేండ్లకుగాని ఆ ప్రశ్నకు జవాబు మాకు దొరకలేదు. నేటి ప్రసంగము ఆ జవాబుతో మొదలగును.

నది కొనిపోయిన ఒండ్రు సముద్రపుటంచున పొరపై పొరగా పేరుకొనును. ఇట్లు కోట్ల సంవత్సరములు జరుగగా గోదావరి ముఖద్వారమున ఆ పొరల మందము కొన్ని కిలోమీటరులకు పెరిగినది. ఒండ్రుతోపాటు చెట్ల ఆకులును, కంటి కానరాని జలజీవుల కళేబరములును అందు పూడిపోయినవి. పైపొరల బరువునకును, భూగర్భపు వేడికిని అవి మెల్లమెల్లగా మార్పు చెంది, కొంత చమురుగను, కొంత మండు వాయువుగను అయినవి. ఆ చమురు, ఆ వాయువు ఇసుకరాతి సందులలోనికి ఊరి, పైన బంకరాయి మూతవలె అడ్డుపడినచోట నిలిచిపోయినవి. దానినే నేడు కృష్ణా-గోదావరి క్షేత్రమని పిలుచుచున్నారు. దక్కను పీఠభూమి మన్ను వందల కోసులు నడిచిపోయి, కోనసీమ క్రిందను బంగాళాఖాతము క్రిందను చమురునకు ఇల్లు కట్టినదన్నమాట. శ్రీరామసాగరపు ఆనకట్ట కట్టిన పిదప ఎగువ ఒండ్రు చాలభాగము జలాశయముననే నిలిచిపోవుచున్నది. కాని ఆ నిధికి కావలసిన మన్ను మానవుడు పుట్టకముందే చేరవలసిన చోటికి చేరినది.

మరి నిర్మల్ క్రింద చమురు కలదా యని శ్రోతలలో ఎవరైన అడుగవచ్చును. లేదు. మన ఊరి క్రింద నున్నది గ్రానైటువంటి కఠినశిల. వాయవ్యపు గుట్టలపై నున్నది పూర్వము కరగి పారి గడ్డకట్టిన లావారాయి. అట్టి శిలలలో చమురు పుట్టదు, బొగ్గు పుట్టదు. కాని తూర్పునకు పోయి మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాదు చేరినచో నేల స్వభావమే మారును. అక్కడ పూర్వమెన్నడో భూమి పొడవుగా బీటవారి, నడుమ క్రుంగి, లోతైన ద్రోణి యొకటి యేర్పడెను. ఇరువదియైదు, ముప్పది కోట్ల సంవత్సరముల క్రిందటి చిత్తడి అడవులు ఆ ద్రోణిలో పూడి బొగ్గైనవి. ఈ బొగ్గుపట్టీ ప్రాణహిత, గోదావరి నదుల వెంబడి ఆగ్నేయముగా సుమారు 350 కిలోమీటరులు సాగుచున్నది. కనుక ఒకే నది వెంట మూడు విధముల నేల కలదు: ఎగువను మన రాతినేల, నడుమ బొగ్గునేల, దిగువను చమురు, వాయువు గల నేల. నిధి లేని యొడ్డున కూర్చున్నవారికి, నిధి యున్నచోట జరుగునది కొంత నిదానముగా చూచుటకు వీలుండును. ఆ ధైర్యముతోనే మేమీ విషయమును గూర్చి మాటలాడుచున్నాము.

మా ప్రశ్న ఒక్కటియే. మారుమూల సీమలలో నేలక్రింది నిధి బయటపడినప్పుడు దేశమునకు లాభము కలుగును. అందు సందేహము లేదు. కాని ఆ నేలపై నివసించువారికి, నిధి యయిపోయిన పిమ్మట, ఏమి మిగులును?

మొదట బొగ్గు కథ చూతము. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపింపబడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1889లో బొగ్గు పైకి తీయుట మొదలయ్యెను. అదే సంవత్సరమున, దేశపు ఈశాన్యపు కొసను, అస్సాము అడవులలోని డిగ్బాయి యందు చమురు పడెను. రెండును అడవులే, రెండును రాజధానులకు దూరపు సీమలే. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో నైజాము ప్రభుత్వము దానిని తన వశము చేసికొనెను. నేడందు నూటికి 51 వాటాలు తెలంగాణ రాష్ట్రమువి, 49 వాటాలు కేంద్ర ప్రభుత్వమువి.

త్రవ్వకములు ఇల్లెందునుండి ఉత్తరముగా జరిగి, గోదావరి దాటి, బెల్లంపల్లి సీమకు వచ్చినవి. 1929 నాటికి కాజీపేట, బల్హార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై, మదరాసును ఢిల్లీతో సూటిగా కలిపెను. ఆ మార్గము మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగరుల మీదుగా పోయినది. కోటలకును, బొమ్మలకును తరతరములుగా పేరొందిన మన నిర్మల్ పట్టణమునకు నేటివరకు రైలు రాలేదు. దీనిని ఫిర్యాదుగా చెప్పుట లేదు. రైలుకు ఊరి పేరు తెలియదు, సరకు పేరు తెలియును. నిధి యున్నచోటికి బాట తానే వచ్చును. నిధి తీరినచోట ఆ బాట ఏమిచేయునన్నదే ఆలోచింపవలసినది.

ఆ బాట వచ్చునాటికే అక్కడ జనులు కలరు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ బొగ్గుశిలలకు పెట్టిన పేరు గోండ్వానా. గోండుల దేశమని దాని యర్థము. 19వ శతాబ్దమున మధ్య భారతపు శిలలను పరిశీలించి పెట్టిన ఆ పేరు నేడు ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణామెరికాలోను శాస్త్రజ్ఞుల నోట నానుచున్నది. పూర్వమొక కాలమున ఈ ఖండములన్నియు కలిసియుండిన మహాభూభాగమునకే ఆ పేరు నిలిచినది. పేరు ఇట్లు లోకమంతయు తిరుగుచుండగా, ఆ పేరుగలవారు తమ ఆదిలాబాదు అడవులలో తమ పోడుభూములకు పట్టా లేక తిరుగవలసివచ్చెను. భూమికొరకును, అడవిపై హక్కుకొరకును నిలిచి కొమురం భీము 1940లో జోడెఘాట్ కొండలలో ప్రాణములు విడిచెను. ఆ పిమ్మటనే నైజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని రప్పించి గోండుల స్థితిగతులను విచారింపజేసెను.

స్వాతంత్ర్యానంతరము చట్టములు వచ్చినవి. ఆదివాసీ ప్రాంతములలో భూమి అన్యుల చేతికి పోరాదని 1959లో ఒక నిబంధన చేసి, 1970లో దానిని గట్టిపరచిరి. మన జిల్లాలలో దానిని "వన్ ఆఫ్ సెవెంటీ" అని పల్లెపల్లెనను ఎఱుగుదురు. 1997లో సమతా సంస్థ వేసిన దావాలో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పెను. షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూమిని ఆదివాసేతరులైన ప్రైవేటువారికి గనుల కౌలుకు ఇయ్యరాదని అందు తేల్చిరి. త్రవ్వకపు నికరలాభములో కనీసము ఐదవవంతు ఆ ప్రాంతపు అభివృద్ధికి శాశ్వతనిధిగా ప్రక్కనుంచవలెననియు అందు సూచించిరి. ఆ దావా విశాఖ మన్యమునకు సంబంధించినదైనను, అందలి న్యాయము ఆసిఫాబాదు అడవికిని అంతే వర్తించును. "భాగము" అను మాట అప్పుడు న్యాయస్థానపు తీర్పులో చేరినది.

ఇక నది దిగువకు పోదము. 1956లో చమురు, సహజవాయు సంఘము ఏర్పడినది. 1970 దశకపు చివర నర్సాపురము ప్రాంతమున వేసిన బావులలో వాయువు జాడలు కనబడినవి. అంతట కోనసీమ కొబ్బరితోటల నడుమ ఉక్కు గోపురములవంటి రిగ్గులు లేచినవి. రిగ్గు చేయు పని చెప్పుటకు సులభము. గొట్టముల కొసను గట్టి ములికి బిగించి, త్రిప్పుచు, నేలలోనికి కిలోమీటరుల లోతునకు దించుదురు. రంధ్రములో చిక్కని బురదనీటిని నింపియుంచుదురు. క్రిందినుండి పొంగివచ్చు వాయువును అదిమిపట్టి యుంచునది ఆ బురదనీటి బరువే. ఆ బరువు చాలనినాడు వాయువు మనుష్యుని యాజ్ఞను వినదు.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో అట్లే జరిగినది. బావి పేలి, మంట ఆకాశమునకు లేచెను. చుట్టుపట్ల గ్రామములవారు ఇండ్లు వదలి పోవలసివచ్చెను. మార్చి 15వ తేదీవరకు, అరువదియైదు దినములు ఆ మంట ఆరలేదు. రాత్రి యన్నది లేక ఆ ఊళ్లు వెలుగుచుండెనని నాటివారు నేటికిని చెప్పుకొందురు. 2014 జూన్ 27వ తేదీన తెల్లవారుజామున నగరము గ్రామమున వాయువు పైపులైను పగిలి అంటుకొని, ఇరువదిమందికి పైగా జనులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో రిగ్గుమీద జీతము పొందినవారు లేరు. వారు ఆ గొట్టముప్రక్క నివసించినవారు. నిధి తమ ఊరిగుండా పోవునప్పుడు ఊరివారు మోయు బరువు ఇట్టిది. లాభపు లెక్కలలో దీనికి వరుస యుండదు.

నేలమీదనుండి అన్వేషణ సముద్రములోనికి సాగెను. 2002లో కాకినాడకు ఎదుట లోతు సముద్రమున పెద్ద వాయునిక్షేపము కనబడినది. 2009 ఏప్రిలులో ఉత్పత్తి మొదలై, 2010లో దినమునకు సుమారు ఆరు కోట్ల ఘనపు మీటరులవరకు చేరెను. అంతట దానిని నమ్ముకొని ఆంధ్రదేశమున విద్యుత్ కేంద్రములు కట్టిరి. కాని నాలుగేండ్లలోనే ఉత్పత్తి అందు నాలుగవవంతునకు లోపునకు దిగిపోయెను. కొత్త యంత్రములు వాయువు లేక పనిలేక నిలిచినవి. ఇటీవల 2020 డిసెంబరునుండి ఆ సముద్రముననే కొత్త బావులు తెఱువగా ఉత్పత్తి మరల పెరిగినది. 2024 జనవరిలో మరియొక లోతునీటి క్షేత్రమునుండి చమురును రాదొడగినది. దీనినిబట్టి తేలునదేమనగా, నేలక్రింది నిధి చెఱువువంటిది కాదు, ఏటేట నిండదు. అది తాతలు పూడ్చిన బిందెవంటిది. అందెంత యున్నదో చేయిపెట్టి చూచువరకు తెలియదు. చూచిన పిదప తరుగుటయేగాని పెరుగుట లేదు.

దిగువ సీమ వాయువునకును, మన ఎగువ సీమకును చుట్టరికము కలిపినది రామగుండము. అక్కడ మొదట కట్టిన ఎరువుల కర్మాగారము బొగ్గును వాయువుగా మార్చి, దానితో యూరియా చేయునట్టిది. 1980లో వాణిజ్యోత్పత్తి మొదలైనది. అది నష్టములపాలై 1999లో మూతవడెను. కర్మాగారపు కాలనీలలో ఇండ్లు ఖాళీయైనవి, అంగళ్లు మూసికొనిపోయినవి. అటుపిమ్మట 2015లో రామగుండము ఫెర్టిలైజర్స్ అను కొత్త సంస్థ యేర్పడి, అదే చోట వాయువుతో నడచు కర్మాగారమును కట్టినది. 2021 మార్చిలో అందు ఉత్పత్తి మొదలైనది. ఏటికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయు శక్తి దానికి కలదు. దానికి కావలసిన వాయువు కోస్తా ప్రాంతమునుండి మూడువందల కిలోమీటరులకు పైబడిన పైపులైనులో వచ్చుచున్నది. ఎరువుల కర్మాగారములకు స్వదేశపు వాయువును, దిగుమతి వాయువును కలిపి సగటు ధరకు ఇచ్చు పద్ధతి 2015 నుండి నడచుచున్నది గనుక, అందున్నదంతయు గోదావరి వాయువే యని చెప్పుటకు లేదు. అయినను ఈ త్రోవను గమనింపుడు. ఎగువ మన్ను నదివెంట దిగువకు పోయి వాయువునకు ఇల్లయ్యెను. దిగువనుండి గొట్టము ఎగువకు వచ్చి, ఎరువై, మన వరిమళ్ల మన్నును చేరుచున్నది.

మరి మన బొగ్గుపట్టీలోనే వాయువు లేదా? ఉన్నది. బొగ్గు పుట్టునపుడే మీథేనను వాయువు దాని సందులలో చిక్కుకొని యుండును. గని కార్మికులకు అది పాతశత్రువు. దీపము చూపినంతనే అంటుకొనునని బాయిలోనికి దిగువారికి తొలిదినముననే నేర్పుదురు. ఆ శత్రువునే ఇంధనముగా వాడుకొనవచ్చును. బొగ్గుపొరలోనికి బావి వేసి, అందలి నీటిని తోడివేసినచో, ఒత్తిడి తగ్గి వాయువు వెలువడును. రాణిగంజు, ఝరియా ప్రాంతములలో ఇట్లు తీయుచున్నారు. గోదావరి లోయలోను 2006లో దీని యన్వేషణకు ఒక ఖండమును కేటాయించిరి గాని, వాణిజ్యోత్పత్తివరకు అది రాలేదు. రేపెన్నడైన ఆ పని మరల తలపెట్టినచో, ముందుగా అడుగవలసినది వాయువును గూర్చి కాదు, నీటిని గూర్చి. తోడివేయు నీరు ఉప్పునీరా, మంచినీరా? దానిని ఎక్కడ వదలుదురు? చుట్టునున్న ఊళ్ల బావులు ఎంత దిగును? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాతమూలకముగా రాక, మొదటి బావి పడరాదు.

ఇంతవరకు నష్టములనే చెప్పితిమి. లాభమును చెప్పకున్న అన్యాయమగును. సింగరేణి గనులు ఉత్తర తెలంగాణమున లక్షల కుటుంబములకు అన్నము పెట్టినవి. పంటలు పండని యేట "బాయి పని" యనునది ఒక ధైర్యము. నెల తిరుగగనే వచ్చు జీతము, కార్మికునికి ఆస్పత్రి, పిల్లలకు బడి - వీనిని చూచిన పల్లెలు మారినవి. కాని ఒక్క లెక్కను గమనింపవలెను. 1990 దశకపు ఆరంభమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. నాటి యుత్పత్తి ఏటికి రెండు కోట్ల టన్నులకు లోపు. 2023-24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులైనది. కార్మికుల సంఖ్య నలుబదివేల ప్రాంతమునకు దిగినది. భూగర్భ గనులు తగ్గి, పెద్ద యంత్రములతో పైనుండి త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు పెరుగుటయే దీనికి కారణము. ఓపెన్‌కాస్టునకు మనుష్యులు తక్కువ కావలెను, భూమి ఎక్కువ కావలెను. బెల్లంపల్లి చుట్టుపట్ల పాత బాయిలు ఒకటొకటిగా మూతవడినవి. మరికొన్నిచోట్ల ఊళ్లకు ఊళ్లే కదలిపోయి, ఆ స్థలమున మట్టిగుట్టలు లేచినవి.

చమురు, వాయువుల విషయమున ఈ లెక్క ఇంకను తీవ్రముగా నుండును. ఒక రిగ్గుమీద పనిచేయువారు కొలదిమంది. వారును దేశదేశములు తిరుగు నిపుణులు. బావి పూర్తియైనంతనే రిగ్గు కదలిపోవును. అనంతరము వాయువు తనంతట తానే గొట్టములో పోవుచుండును. బొగ్గు ఊరికి జీతములనైన ఇచ్చును. వాయువు గొట్టము ఊరిగుండా పోవునే గాని ఊరిలో ఆగదు. కనుక వాయుసీమలలో ఉద్యోగములొక్కటే భాగమని యెంచినచో ఊరివారు మోసపోదురు.

లోకమున ఇతరులు ఏమి చేసిరి? మన దేశముననే అస్సామును చూడుడు. అక్కడి చమురును శుద్ధిచేయుటకు గౌహతిలో 1962లో ఒక చిన్న కర్మాగారము పెట్టిరి. కాని పెద్దది బీహారులోని బరౌనీలో పెట్టి, వేయి కిలోమీటరులకు పైబడిన పైపులైనులో చమురును అక్కడికి పంపిరి. ముడిసరకు మాది, పని పరులదా యను బాధ అస్సాము ప్రజలలో నాటుకొని పోయెను. తరువాతి కాలపు పెద్ద యాందోళనలో చమురును అడ్డుకొనుట ఒక భాగమైనది. 1985 ఒప్పందములో మరియొక శుద్ధి కర్మాగారమునకు వాగ్దానము చేసిరి. అది నుమాలీగఢ్‌లో 2000లో పనికి వచ్చెను. ముందే ఆలోచించి ఇచ్చినచో గౌరవముగా నుండెడి దానిని, ఎన్నో యేండ్ల కలహము పిదప ఇయ్యవలసివచ్చినది.

ఉత్తర ధ్రువము చెంత అలాస్కా యను మంచుసీమ కలదు. అమెరికా దేశమునకు అది మారుమూల. 1968లో అక్కడ పెద్ద చమురునిక్షేపము బయటపడినది. దానిని తెచ్చుటకు 1,300 కిలోమీటరుల పైపులైను వేయవలెను. ఆ నేల తమదని అచటి ఆదివాసులు నిలిచిరి. వారి హక్కుల సంగతి తేలకుండ గొట్టము వేయుట సాగదని ప్రభుత్వము గ్రహించినది. 1971లో చట్టము చేసి, వారికి 4 కోట్ల 40 లక్షల ఎకరముల భూమియు, 96 కోట్ల 25 లక్షల డాలర్ల ధనమును ఇచ్చుట కంగీకరించిరి. ఆ పిమ్మటనే గొట్టము పడి, 1977లో చమురు పారినది. 1976లో ఆ రాష్ట్రము తన రాజ్యాంగమును సవరించి, ఖనిజపు రాబడిలో కనీసము నాలుగవవంతు శాశ్వతనిధిలో వేయునట్లు నియమించెను. 1982 నుండి దాని లాభమును ఏటేట ప్రజలకు పంచుచున్నారు. అక్కడను అంతయు శుభమే జరుగలేదు. 1989లో ఓడ బండకు తగిలి చమురు ఒలికి, ఆ తీరపు చేపలవారి బ్రతుకు చెడినది. అయినను, నిధికి ముందు హక్కు, ఖర్చుకు ముందు నిలువ అను రెండు సూత్రములు అక్కడ నిలిచినవి.

మన దేశమున ఆ సూత్రము కొంతవరకు వచ్చినది. 2015లో గనుల చట్టమును సవరించి, జిల్లాజిల్లాకు ఖనిజ నిధి నేర్పరచిరి. గని యజమాని ప్రభుత్వమునకు కట్టు రాయల్టీకి తోడుగా, గనినిబట్టి నూటికి 10 మొదలు 30 వంతులవరకు ఆ నిధికి చెల్లింపవలెను. బొగ్గు జిల్లాలకు ఆ ధనము వచ్చుచున్నది. కాని చమురు, వాయువులు 1948 నాటి వేఱు చట్టము క్రిందివి గనుక, కోనసీమ గ్రామములకు అట్టి జిల్లా నిధి లేదు. ఇక సముద్రగర్భపు నిధి రాజ్యాంగపు 297వ అధికరణము ననుసరించి కేంద్రమునకు చెందును. తీరముననున్న పల్లెకారులకు రిగ్గు దీపములు కనబడును గాని, లెక్కలు కనబడవు.

దేశమునకు ఇంధనము వలదని ఎవరును అనరు. మనము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి కొనుచున్నాము. నిర్మల్ బస్సుస్థలము నుండి కదలు బస్సునకు డీసెలు కావలెను. మన వంటయింటి సిలిండరునకు గ్యాసు కావలెను. అదే సమయమున, ఈ ఇంధనముల పొగవలన భూమి వేడెక్కుచున్నదనియు, వీని వాడుక తగ్గింపవలసియున్నదనియు లోకము గ్రహించినది. సింగరేణియే నేడు గనులప్రక్క సౌరవిద్యుత్తును తీయుచున్నది. కనుక నిధి అడుగంటకముందే దాని విలువ తరుగు దినము గూడ రావచ్చును. ఉన్ననాళ్లలోనే లేనినాటికి ఏర్పాటు చేసికొనుట రెండింతలు అవసరమైనది.

ఆ యేర్పాటు ఏమిటో చెప్పుటకు మాకు దూరము పోనక్కరలేదు. మా ఊరి బొమ్మల వీథికి పోయిన చాలును. అక్కడి పనివారు వాడునది పొనికి కఱ్ఱ. అది తేలిక కఱ్ఱ, దూలమునకు రాదు, వాసమునకు రాదు. దానిని చెక్కి, అతుకులకు చింతగింజల పిండితోను రంపపు పొట్టుతోను చేసిన లప్పము పూసి, రంగులు దిద్దినచో, అదే లోకులు మెచ్చు నిర్మల్ బొమ్మ యగును. కఱ్ఱ ధర కొంచెము, చేతి ధర అధికము. నడుమ కొన్నాళ్లు అడవిలో పొనికి తగ్గి పనివారు ఇబ్బంది పడిరి. అప్పుడొక వృద్ధుడైన పనివాడు మాతో అన్న మాట మఱవరానిది: "చెట్టు పోతే నాటుకుందుము, చేతిపని పోతే ఏమి నాటుకుందుము, బిడ్డా?"

బొగ్గును నాటుటకు లేదు, వాయువును నాటుటకు లేదు. అందుచేత నేలనుండి ఎంత తీసినను, దానికి బదులుగా మనుష్యులయందు ఏమి నాటితిమని అడుగవలెను. బొగ్గుటన్నులతోపాటు ఎందరు బిడ్డలు భూగర్భశాస్త్రము చదివిరి? గొట్టము పోవు ఊళ్లలో ఎందరు యువకులు వెల్డింగు, యంత్రపుపని, భద్రతా పరీక్ష నేర్చిరి? గనులు మూతవడు నాటికి ఆ చేతులకు వేఱు పని చూపువారెవరు? జిల్లా ఖనిజ నిధిలో ఎంత వచ్చినది, దేనికి వ్యయమైనది యను లెక్కను గ్రామసభలో చదివి వినిపించుచున్నారా? పేలుడు సంభవించిననాడు ఏ త్రోవను పరుగెత్తవలెనో గొట్టముప్రక్క ఇంటి ఇల్లాలికి తెలియునా? ఇవి ఇంజనీర్లే అడుగవలసిన ప్రశ్నలు కావు. ఇంటింట అడుగవలసినవి. భాగము, భద్రత, విద్య - ఈ మూడును ముందుగా రాసికొని, ఆ పిమ్మట రిగ్గునకు కొబ్బరికాయ కొట్టుట మంచిది.

ఇటీవల మేము మరల సోన్ వంతెనమీద నిలిచితిమి. మాతో వచ్చిన చిన్నవాడు నీటిని చూచి, మేమొకప్పుడు అడిగిన ప్రశ్ననే అడిగెను. ఈసారి సముద్రమునకని చెప్పి ఊరకుండలేదు. మన్ను చమురైన కథయు, బొగ్గు కథయు, గొట్టము కథయు చెప్పితిమి. అంతయు విని వాడు, "అయితే అక్కడివారికి ఏమిచ్చినారు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు జవాబు ఇంకను సగమే మా వద్ద నున్నది. మిగిలిన సగము, ఆ నిధులను త్రవ్వువారును, ఆ నేలలపై బ్రదుకువారును, మనమందరమును కలిసి పూర్తిచేయవలసినది.